ఇసుక తిన్నెల మీద పాటల జాతర

రోడ్డు లేదు. కరెంటు లేదు. కనుచూపు మేరలో నీడనిచ్చే చెట్టూ లేదు. అయినా ఏటా జనవరిలో సహారా ఎడారి అంచున ఓ ఊరు వెలిసేది. మూడు రాత్రులు ఆడిపాడి మళ్లీ ఇసుకలో కలిసిపోయేది. ఆ మూడు రాత్రుల కోసం చేసే ఏర్పాట్లే ఓ పెద్ద కథ. ఆ ఊరు ఇప్పుడెందుకు వెలియడం లేదన్నది మరో కథ.

టింబక్టూ పొలిమేర దాటి కాస్త దూరం పోగానే డ్రైవరు జీపు ఆపేవాడు. కిందికి దిగి, ఒక్కో చక్రం దగ్గరా గొంతుక్కూర్చుని, టైర్లలో గాలి తీసేసేవాడు. బుస్సుమంటూ గాలి పోతుంటే వెనక సీట్లో కూర్చున్న విదేశీ అతిథుల ముఖాలు వాడిపోయేవి. పంక్చరు పడితేనే దిక్కులేని చోట ఉన్న గాలి కూడా తీసేయడమేమిటి?

ఎడారిలో మొదటి పాఠం అదే. గట్టిగా గాలి కొట్టిన టైరు మెత్తటి ఇసుకను కోసుకుంటూ లోపలికి దిగబడిపోతుంది. గాలి తగ్గిస్తే వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలుతున్నట్లు పోతుంది. ఒంటె పాదం చేసేదీ ఆ పనే. నేల మీద ఆన్చగానే విచ్చుకుంటుంది, ఎత్తగానే ముడుచుకుంటుంది. జీపులు తయారుచేసే ఇంజినీర్లకన్నా చాలా ముందే ఒంటెకు తెలిసిన కిటుకది.

అక్కణ్నుంచి ఎస్సకాన్‌కు సుమారు 65 కిలోమీటర్లు. మంచి రోడ్డుంటే గంట ప్రయాణం. అక్కడ మాత్రం రెండు మూడు గంటలు... అదీ ఎక్కడా కూరుకుపోకపోతేనే! కూరుకుపోతే అందరూ దిగాల్సిందే. పారలతో ఇసుక తోడాలి. చక్రాల కింద రేకులు పరచాలి. అందరూ కలిసి తోయాలి. దారి చూపే బోర్డులేమీ ఉండవు. నిన్న పోయిన బండ్ల జాడల్ని రాత్రి వీచిన గాలి చెరిపేసి ఉంటుంది. డ్రైవరుకు గుర్తులు ఇసుక తిన్నెల వంపులూ, అక్కడక్కడా మొండిగా నిలబడ్డ తుమ్మచెట్లూ. ఒక్కోచోట ఒంటెల మీద వెళ్లే కుటుంబాలు ఎదురయ్యేవి. చేతులూపి, ఇరుక్కుపోయిన జీపును చూసి నవ్వుకుంటూ, తాపీగా ముందుకు సాగిపోయేవి.

ఇన్ని పాట్లూ పడి అంతా వెళ్లేది పాటలు వినడానికి!

కచేరీకి ముందు కాలిన తుపాకులు

పశ్చిమాఫ్రికాలో సముద్రతీరం లేని దేశం మాలి. దాని ఉత్తర భాగమంతా దాదాపు ఎడారే. ఒకప్పుడు ఉప్పు, బంగారం వ్యాపారంతోనూ, పండితులతోనూ, చేతిరాత గ్రంథాలతోనూ వెలిగిన టింబక్టూ నగరం ఆ ఎడారి గుమ్మంలో ఉంటుంది. ఎక్కడో దూరాన ఉన్న ఊరు అని చెప్పడానికి ప్రపంచమంతా వాడే పేరది. అనంతపురం కరవు సీమలో, చెన్నేకొత్తపల్లి దగ్గర బీడు భూముల్ని పచ్చగా మార్చడానికి పూనుకున్న సంస్థ కూడా ఆ పేరే పెట్టుకుంది.

అక్కడి ఎడారిలో తరతరాలుగా తిరుగుతున్న సంచార జాతి టువారెగ్‌లు. వానలు వెలిశాక, పశువులకు గడ్డి దొరికి కాస్త తీరిక చిక్కాక అన్ని తెగలవాళ్లూ ఒకచోట కలుసుకోవడం వాళ్ల ఆచారం. పెళ్లి సంబంధాలు మాట్లాడుకునేది అక్కడే. తగువులు తీర్చుకునేదీ అక్కడే. కవిత్వం, కత్తి నాట్యం, ఒంటెల పందేలు సరేసరి. కిదాల్ వైపు దాన్ని తకుబెల్త్ అంటారు, టింబక్టూ వైపు తెమకన్నిత్ అంటారు.

1990ల మొదట్లో ఆ ఎడారి రణరంగమైంది. తమను పట్టించుకోవడం లేదని ప్రభుత్వం మీద టువారెగ్ యువకులు తుపాకులెత్తారు. సైన్యం విరుచుకుపడింది. ఎన్నో కుటుంబాలు సరిహద్దులు దాటి పారిపోయాయి. చివరికి రాజీ కుదిరింది. 1996 మార్చి 27న టింబక్టూలో సుమారు మూడు వేల తుపాకుల్ని కుప్పపోసి నిప్పంటించారు. దానికి 'శాంతి జ్వాల' అని పేరు పెట్టారు. కాలిపోయిన తుపాకుల్ని సిమెంటులో పొదిగి అక్కడే ఓ స్మారకం కట్టారు.

తుపాకులు దించినంత మాత్రాన మనసులు కలుస్తాయా? నిన్నటిదాకా ఒకరినొకరు కాల్చుకున్నవాళ్లు ఒకచోట కూర్చోవాలంటే ఏదో ఒక వంక కావాలి. ఆ వంక పాటయింది. పాత ఆచారానికే కొత్తగా వేదికా, మైకులూ తగిలించి 2001 జనవరిలో కిదాల్ ప్రాంతంలోని తిన్ ఎస్సాకోలో 'ఫెస్టివల్ ఓ డెజర్' మొదలుపెట్టారు. ఫ్రెంచి భాషలో ఎడారిలో ఉత్సవమని అర్థం. టువారెగ్ సంగీత బృందం తినారివెన్, ఫ్రాన్సుకు చెందిన లోజో బృందం దీనికి మొదటినుంచీ అండగా నిలిచాయి. టింబక్టూ ప్రాంతంవాడే అయిన మానీ అన్సార్ డైరెక్టరుగా నడిపించారు. రెండో ఏడు తెస్సాలిత్‌లో జరిగింది. 2003లో టింబక్టూకు దగ్గరగా ఉంటుందని ఎస్సకాన్‌కు మార్చారు. 2009 వరకూ అక్కడే.

ఎడారిలో సంగీతోత్సవం అనగానే చాలామందికి అమెరికాలోని కోచెల్లా గుర్తొస్తుంది. కాలిఫోర్నియా ఎడారిలో, ఇండియో పట్టణంలోని పోలో మైదానంలో 1999లో మొదలైన ఆ పండగకు లక్షకు పైగా జనం పోగవుతారు. అయితే అక్కడ కాళ్ల కింద ఉండేది పచ్చగడ్డి. కారులో గుమ్మం దాకా వెళ్లొచ్చు. ఎస్సకాన్‌లో కాళ్ల కింద ఇసుక. తెల్లగా, పిండిలాంటి ఇసుక. మరో పక్క చూసినా ఇసుకే.

రోలు, రోకళ్లు, మేకతోలు

ఉత్సవానికి అందరికన్నా ముందు బయల్దేరేది సంచార కుటుంబాలు. ఒంటెకు రోజుకు ముప్పై నలభై కిలోమీటర్లే నడక కాబట్టి దూరాన ఉన్నవాళ్లు కొత్త సంవత్సరం రాకముందే గుడారం విప్పి మూటగట్టేవాళ్లు.

ఆ గుడారం ఇంటావిడది. టువారెగ్‌ల కట్టుబాటు అలాంటిది. పెళ్లప్పుడు పుట్టింటివాళ్లు మేకతోళ్లు కలిపి కుట్టి, ఎర్రమట్టి రంగు పూసి కూతురికి ఇస్తారు. రేపు పొరపాటున మొగుడూ పెళ్లాలు విడిపోతే గుడారం ఆమెతోనే పోతుంది. నెత్తిమీద నీడ వెతుక్కోవలసింది మగాడే! ముఖానికి ముసుగు వేసుకునేదీ మగాడే. యుక్తవయసుకొచ్చిన కుర్రాడు మొదలు ముసలాయన దాకా మగవాళ్లు తలకూ, ముఖానికీ కలిపి మీటర్ల కొద్దీ బట్ట చుట్టుకుంటారు. స్త్రీల ముఖాలకు ముసుగుండదు.

ప్రయాణానికి ముందు ఇంటింటా సందడే. మగవాళ్లు పండక్కి దాచుకున్న తలపాగాలు బయటికి తీసేవాళ్లు. నీలిమందు రంగు దట్టించిన ఆ బట్ట మెరుస్తుంటుంది. నీళ్లు కరవైన చోట బట్టను రంగులో నానబెట్టే వీలెక్కడిది? అందుకే రంగుపొడిని బట్ట మీద వేసి దుడ్డుకర్రలతో బాదుతారు. ఆ రంగు కట్టుకున్నవాళ్ల నుదుటికీ, బుగ్గలకూ అంటుకుంటుంది. టువారెగ్‌లకు 'నీలి మనుషులు' అన్న పేరు వచ్చింది అలాగే. కంసాలి కుటుంబాలకు చేతినిండా పని. వెండి గొలుసులకు మెరుగు పెట్టాలి. కత్తి ఒరలు బాగుచేయాలి. ఒంటె జీనులకు కొత్త తోలు తొడగాలి. ఆడవాళ్లు జడలు అల్లుకోవడానికి ఓ పూట పట్టేది. ఒంటెలకు కూడా కుచ్చులూ, రంగురంగుల పగ్గాలూ. పెళ్లికొడుకును చేసినట్లే ముస్తాబు చేసేవాళ్లు.

ఇక అసలు వాయిద్యం తయారీ చూడాలి. దాని పేరు తెందె. అందులో వింత వస్తువేదీ లేదు. సజ్జలూ, జొన్నలూ దంచుకునే కొయ్య రోలే దానికి ఆధారం. రోటి మూతికి తడిపిన మేకతోలు కప్పుతారు. రెండు పక్కలా రెండు రోకళ్లను అడ్డంగా పెట్టి తోలును వాటికి బిగించి కడతారు. ఆ రోకళ్ల చివర్ల మీద ఇటొకరూ అటొకరూ ఆడవాళ్లు ఎక్కి కూర్చుంటారు. వాళ్ల బరువుకే తోలు బిగుస్తుంది! మధ్యలో కూర్చున్నామె వాయిస్తుంటే, చుట్టూ చేరినవాళ్లు చప్పట్లతో లయ కలుపుతుంటారు. తోలు ఆరిపోయి శబ్దం మారితే కాసిని నీళ్లు చిలకరిస్తారు. పాట అయిపోగానే తోలు విప్పేస్తే రోలు మళ్లీ రోలే. పొద్దున్నే అందులోనే పిండి దంచుకోవచ్చు. ఎక్కడికీ ప్రత్యేకంగా మోసుకుపోనక్కర్లేని వాయిద్యం ఇది. ఇల్లు ఎక్కడికి పోతే అక్కడికి అదీ వస్తుంది.

తెందె మోగడం మొదలుకాగానే మగవాళ్లు ఒంటెలెక్కి ఆ ఆడవాళ్ల చుట్టూ ప్రదక్షిణం చేస్తారు. ఎవరి ఒంటె లయకు తగ్గట్టు నడుస్తుందో, ఎవరి ఒంటె బెదిరి పక్కకు పోతుందో అంతా గమనిస్తూనే ఉంటారు. పెళ్లికావలసిన కుర్రాళ్లకు అది పరీక్షే మరి.

ఆడవాళ్లకే సొంతమైన మరో వాయిద్యం ఇమ్‌జాద్. ఎండబెట్టిన సగం సొరబుర్రకు మేకతోలు బిగించి, గుర్రపు వెంట్రుకలతో ఒకే ఒక్క తీగ కడతారు. విల్లులాంటి కమానుతో వాయిస్తారు. ఇమ్‌జాద్ సంప్రదాయాన్ని 2013లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అల్జీరియా, మాలి, నైజర్ మూడు దేశాలూ కలిసి అడిగితే వచ్చిన గుర్తింపు అది. వాయించగలిగినవాళ్లు తగ్గిపోతున్నారన్న బెంగే అందుకు కారణం.

డీజిలుంటేనే గిటారు

తెందెకు కరెంటక్కర్లేదు. ఎలక్ట్రిక్ గిటారుకు కావాలి. వేదిక, లైట్లు, స్పీకర్లు, జనరేటర్లు, వాటికి డీజిలు, వైర్ల చుట్టలు, మందుల పెట్టెలు... ఒక్కటీ ఎస్సకాన్‌లో దొరకదు. రాజధాని బమాకో నుంచి టింబక్టూకు సుమారు వెయ్యి కిలోమీటర్లు. దువెంజా దాటాక దాదాపు 200 కిలోమీటర్లు గుంతల మట్టిదారి. ఆ తర్వాత నైజర్ నదిని పంటు మీద దాటాలి. పంటు అవతలి ఒడ్డున ఉంటే ఎంతసేపైనా ఎదురుచూడాల్సిందే. తీరా నది దాటి ఊరు చేరాక మొదట్లో చెప్పుకున్న 65 కిలోమీటర్లు ఎలాగూ ఉండనే ఉన్నాయి. ఆ ఇసుకలో లారీ దిగబడితే జీపును తోసినట్లు తోయలేరు కదా.

అన్నిటికన్నా పెద్ద శత్రువు దుమ్ము. చలికాలంలో సహారా నుంచి హర్మట్టాన్ అనే పొడిగాలి వీస్తుంది. అది లేచిన రోజు పట్టపగలే సూర్యుడు పాలిపోయి చంద్రుడిలా కనిపిస్తాడు. పొడి తేలిగ్గా లోపలికి దూరుతుంది. స్పీకర్ల జాలీల్లో, మిక్సర్ మీటల సందుల్లో, కెమెరా కటకాల్లో, అన్నం కంచంలో. పరికరాలకు బట్టలు చుట్టి పెట్టడం, బుర్రుష్‌లతో దులుపుకోవడం రోజూ ఉండే పని. గాలిలో తేమ లేక కొయ్య వాయిద్యాలు బీటలు తీస్తాయి. మధ్యాహ్నం ఎండలో శ్రుతి చేసిన తీగలు అర్ధరాత్రి చలికి శ్రుతి తప్పుతాయి. దక్షిణ మాలి నుంచి 21 తీగల కోరా పట్టుకొచ్చే విద్వాంసుడికి అదెంత తలనొప్పో ఊహించుకోవచ్చు.

చలి అంటే గుర్తొచ్చింది. ఎడారి అనగానే కాటన్ చొక్కాలు సర్దుకుని వచ్చేవాళ్లు మొదటి రాత్రే లెంపలేసుకునేవాళ్లు. పగలు 30 డిగ్రీల దాకా కాసే ఎండ, పొద్దుగూకగానే మాయం. అర్ధరాత్రి దాటాక పది డిగ్రీల కిందికీ పడిపోతుంది. కచేరీలు సాగేది ఆ వేళకే! విదేశీయుల సామానులో టార్చిలైటు, దళసరి దుప్పటి, కళ్లలో వేసుకునే చుక్కల మందు తప్పనిసరి. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న కార్డు చూపకపోతే మాలిలో అడుగుపెట్టనివ్వరు. దోమల మందు, మలేరియా మాత్రలు సరేసరి. కాంటాక్టు లెన్సులు పెట్టుకునేవాళ్ల అవస్థ చెప్పనలవి కాదు. ఇసుక మెత్తగా ఉంది కదాని చెప్పులు విడిచి నడిచినవాళ్లకు మరో శిక్ష. గడ్డి దుబ్బుల దగ్గర పల్లేరు కాయల్లాంటి ముళ్ల గింజలుంటాయి. క్రామ్‌క్రామ్ అంటారు. బట్టకు అంటుకుంటే ఒక పట్టాన వదలవు, తీయబోతే వేలికి గుచ్చుకుంటాయి. కరవు రోజుల్లో ఆ గింజల్నే దంచుకుని తిని బతికిన కుటుంబాలున్నాయి అక్కడ.

టింబక్టూ బజార్లో విదేశీయులు మొదట కొనేది తలపాగా బట్టే. కొన్న బట్టను ఎలా చుట్టుకోవాలో దుకాణదారే నేర్పేవాడు. మొదటిరోజు అది ఫొటోల కోసం. రెండో రోజు గాలి లేచాక తెలిసేది, దాన్ని సోకు కోసం కట్టుకోరని.

తిండికి మేకమాంసం, అన్నం, ఖర్జూరాలు. ఎడారి ప్రత్యేకం తగెల్లా రొట్టె. నిప్పులు కాల్చి, వేడెక్కిన ఇసుకలో పిండిముద్దను పాతిపెట్టి, పైన నిప్పులు కప్పుతారు. కాలాక తీసి, ఇసుక దులిపి, ముక్కలు చేసి పులుసులో కలుపుతారు. ఒక్క ఇసుక రేణువు కూడా పంటికింద పడకుండా దులపడంలోనే ఉంది వాళ్ల నేర్పు. ఇక టీ సంగతి. పచ్చటి చైనా తేయాకు, బోలెడు చక్కెర, చిన్న గ్లాసులు. అదే ఆకును మూడుసార్లు మరిగించి మూడు విడతలుగా ఇస్తారు. మొదటిది చేదు, మూడోది తీపి. ఒక గ్లాసు తాగి లేచిపోతే మర్యాద కాదు. గంట పడుతుంది. ఆ గంటలో ఎన్ని మాటలో!

డబ్బా గిటారు దారి

పొద్దు వాలాక అసలు పండగ. వేదిక ఎదురుగా కుర్చీలుండవు, ఇసుక తిన్నెలే గ్యాలరీ. ముందు వరసల్లో దుప్పట్లు కప్పుకున్న విదేశీయులు, కుటుంబాలు. వెనక తిన్నె మీద ఒంటెల వరస. దిగకుండా జీను మీదే కూర్చుని కచేరీ వినే మగవాళ్లు. చిన్న చిన్న బొగ్గుల కుంపట్ల మీద టీ మరుగుతూనే ఉంటుంది.

2003లో అక్కడ పాడినవాళ్లలో ఇంగ్లండ్ రాక్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్ ఉన్నాడు. లెడ్ జెప్లిన్ బృందంతో స్టేడియాలు నింపినవాడు. ఎస్సకాన్‌లో హోటలన్నదే లేదు కాబట్టి ఎంతటివాడికైనా గుడారమే గతి. అదే ఏడాది అలీ ఫర్కా టూరే కూడా వచ్చారు. నైజర్ నది ఒడ్డున నియాఫుంకేలో వ్యవసాయం చేసుకునే ఈ గిటారు విద్వాంసుడు, పేరు ప్రపంచమంతా పాకాక కూడా తనను రైతుగానే చెప్పుకునేవారు. అమెరికన్ గిటారిస్టు రై కూడర్‌తో కలిసి ఆయన చేసిన 'టాకింగ్ టింబక్టూ' ఆల్బమ్‌కు 1995లో గ్రామీ వచ్చింది. సరిగ్గా దానికి ముందు ఏడాది అదే కూడర్‌తో కలిసి అదే బహుమతి అందుకున్నది మన మోహన వీణ విద్వాంసుడు విశ్వమోహన్ భట్.

అయితే ఎడారి కుర్రాళ్లు కాచుకుని కూర్చునేది తినారివెన్ కోసం. ఆ మాటకు ఎడారులు అని అర్థం. బృందాన్ని మొదలుపెట్టిన ఇబ్రహీం అగ్ అల్హబీబ్ చిన్నప్పుడు, 1963 నాటి తిరుగుబాటులో, తండ్రిని సైన్యం చంపేసింది. పరాయి దేశంలో పెరిగిన ఆ పిల్లవాడు రేకు డబ్బా, కర్రముక్క, సైకిల్ బ్రేకు తీగ కలిపి తొలి గిటారు తయారుచేసుకున్నాడు. 1970లలో ఒకసారి, 1980లలో మరోసారి కరవొచ్చి మందలు చచ్చిపోయాయి. వేలమంది యువకులు పని వెతుక్కుంటూ అల్జీరియా, లిబియా పోయారు. నిరుద్యోగి అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వాళ్లకు 'ఇషుమార్' అన్న పేరొచ్చింది. లిబియాలో గడాఫీ వాళ్లకు సైనిక శిక్షణ ఇచ్చాడు. ఆ శిబిరాల్లోనే గిటార్లూ మోగాయి. పాటలు క్యాసెట్లలో ఎక్కి చేతులు మారుతూ ఎడారంతా తిరిగాయి. తుపాకులు కాల్చేశాక మిగిలింది గిటార్లే. 2012 ఫిబ్రవరిలో తినారివెన్‌కూ గ్రామీ వచ్చింది. కానీ అప్పటికే వాళ్ల ఊళ్లు మళ్లీ తగలబడుతున్నాయి.

చివరి ఏర్పాట్లు

2009 తర్వాత ఎస్సకాన్ దాకా అతిథుల్ని తీసుకెళ్లడం మంచిది కాదనుకున్నారు. సహారాలో విదేశీయుల్ని ఎత్తుకుపోయి డబ్బు గుంజే ముఠాలు పెరిగాయి. 2010 నుంచి ఉత్సవం టింబక్టూ శివార్లకు జరిగింది. 65 కిలోమీటర్ల ఇసుక దారి తప్పింది. ఆ దారితోపాటే సగం సరదా పోయిందని పాతకాపులు సణుక్కున్నా, ప్రాణాలకన్నా ఎక్కువా?

2011లో గడాఫీ కూలిపోయాడు. అతని సైన్యంలో పనిచేసిన టువారెగ్‌లు ఆయుధాలతో సహా మాలి ఎడారికి తిరిగొచ్చారు. ఆ నవంబరు 25న టింబక్టూ నడిఊళ్లోనే ఓ జర్మన్ పర్యాటకుడిని కాల్చి చంపి, మరో ముగ్గురు విదేశీయుల్ని ఎత్తుకుపోయారు. ఉత్సవానికి రెండు నెలలు కూడా లేదు. మానేద్దామా? నిర్వాహకులు మానలేదు. ఈసారి ఏర్పాట్ల జాబితాలో డీజిలు, గుడారాల పక్కన సైనికులూ చేరారు. 2012 జనవరి 12 నుంచి 14 వరకూ కచేరీలు జరిగాయి. ఐరిష్ గాయకుడు బోనో వచ్చి తినారివెన్‌తో వేదికెక్కాడు. అతిథులు క్షేమంగా వెళ్లిపోయారు.

ఆ తర్వాత మూడంటే మూడు రోజులకు, జనవరి 17న మేనకలో తిరుగుబాటు మొదలైంది. మార్చిలో బమాకోలో సైనిక కుట్ర జరిగింది. ఏప్రిల్ ఒకటిన టింబక్టూ తిరుగుబాటుదారుల చేతికి చిక్కింది. కొద్దిరోజుల్లోనే వాళ్లనూ నెట్టేసి అన్సార్ దీన్ వంటి తీవ్రవాద ముఠాలు పెత్తనం చేపట్టాయి. సూఫీ గురువుల సమాధుల్ని గునపాలతో పడగొట్టారు. ఆగస్టులో సంగీతాన్ని నిషేధిస్తున్నామని ప్రకటించారు. రేడియోలో పాట రాకూడదు. పెళ్లిలో డప్పు మోగకూడదు. సెల్‌ఫోన్ రింగ్‌టోన్ కూడా పాట కాకూడదు! దొరికిన వాయిద్యాల్ని తగలబెట్టారు. అన్సార్ దీన్ నాయకుడు ఇయాద్ అగ్ ఘాలీ 1990ల తిరుగుబాటుకు నాయకుడు. ఒకప్పుడు ఈ గిటారు కుర్రాళ్లతో చెట్టపట్టాలేసుకు తిరిగినవాడే. నిషేధం కన్నా ఆ సంగతే ఎక్కువ నొప్పించింది వాళ్లను.

ఆ నెలల్లో టింబక్టూలో మరోరకం ఏర్పాట్లు సాగాయి. గ్రంథాలయాల్లోని పాత రాతప్రతుల్ని ట్రంకుపెట్టెల్లో సర్ది, రహస్యంగా గాడిద బళ్ల మీదా, జీపుల్లో, పడవల్లో బమాకోకు దాటించారు. పాటకు మాత్రం ట్రంకుపెట్టె లేదు కదా. పాడేవాళ్లే పారిపోవాలి. టింబక్టూ కోకిలగా పేరుపడ్డ కైరా అర్బీకి బెదిరింపులొచ్చి బమాకో చేరారు. 2018లో అక్కడే కన్నుమూశారు. ఉత్తరాది నుంచి పారిపోయి వచ్చిన కుర్రాళ్లు కొందరు రాజధానిలో కలుసుకుని సోంగోయ్ బ్లూస్ అనే బృందం కట్టారు. తినారివెన్ గిటారిస్టు ఒకరు తన గిటార్లను కాపాడుకోబోయి తీవ్రవాదులకు చిక్కాడు. కొన్ని వారాలకు బయటపడ్డాడు.

ఉత్సవాన్ని ఆపేయడానికి నిర్వాహకులకు మనసొప్పలేదు. 'ప్రవాసంలో ఎడారి ఉత్సవం' అన్నారు. వేదికే బయల్దేరి జనం దగ్గరికి వెళ్లేలా, శాంతి బిడారులుగా పొరుగు దేశాల మీదుగా సాగి 2013 ఫిబ్రవరిలో బుర్కినా ఫాసో చేరాలన్నది పథకం. ఆ జనవరిలోనే ఫ్రెంచి సేనలు దిగి యుద్ధం మొదలవడంతో అదీ ఆగిపోయింది. జనవరి ఆఖరుకు టింబక్టూ నుంచి తీవ్రవాదులు వెళ్లిపోయారు. సమాధుల్ని స్థానిక మేస్త్రీలు మళ్లీ కట్టారు. వాటిని పడగొట్టించిన వారిలో ఒకడికి 2016లో అంతర్జాతీయ నేర న్యాయస్థానం తొమ్మిదేళ్ల జైలు వేసింది. ఊరికి పాట తిరిగొచ్చింది కానీ, ఊరవతల దారికి భద్రత రాలేదు. పదేళ్లున్న ఐక్యరాజ్యసమితి శాంతిసేన 2023 చివరికి దేశం విడిచిపోయింది. అదే ఏడాది టింబక్టూను తీవ్రవాదులు దిగ్బంధించారు కూడా. ఎస్సకాన్ తిన్నెల మీద మళ్లీ వేదిక లేవలేదు.

బిడారు ఆలోచన మాత్రం బతికింది. మాలిలోనే నైజర్ ఒడ్డున సెగూ పట్టణంలో జరిగే సంగీతోత్సవం, మొరాకో దక్షిణాన 2009లో మొదలైన తరగాల్త్ ఉత్సవం దాంతో చేతులు కలిపాయి. తరగాల్త్ జరిగేది మ్హమీద్ అనే చిన్న ఊళ్లో. తారు రోడ్డు అక్కడితో ఆఖరు, ఆ తర్వాతంతా ఇసుక. గుడారాలు, ఒంటెలు, మూడు గ్లాసుల టీ, తెల్లవారుజాము దాకా గిటార్లు... అన్నీ అవే. మాలి నుంచి వచ్చిన కళాకారులూ అక్కడ పాడుతుంటారు.

మ్హమీద్ వెళ్లేవాళ్లు దారిలో జాగోరా పట్టణం దగ్గర ఆగి ఫొటో తీసుకోవడం రివాజు. అక్కడో బోర్డు ఉంది. దాని మీద ఒంటెల బిడారు బొమ్మ, పక్కన రాత: టింబక్టూకు 52 రోజులు.